బీ.ఆర్క్ తర్వాత అమెరికాలో ఎం.ఆర్క్: మూడు అడ్మిట్లలో ఒకటి ఎంచుకున్న తీరు (కేస్ స్టడీ)

ఈ కేసులో విద్యార్థినిని ఎవరూ గుర్తుపట్టకుండా కాలేజీ, ఊరు, ప్రాజెక్టు వివరాలు కొన్ని మార్చాం. దరఖాస్తు చేసిన స్కూళ్ల పేర్లు ఇవ్వడం లేదు. ఖర్చుల అంకెలు రౌండ్ చేసినవి, డాలర్ 85 రూపాయల లెక్కన.

నేపథ్యం

వయసు 25. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రైవేట్ కాలేజీలో ఐదేళ్ల బీ.ఆర్క్, 66 శాతం. మూడో ఏడాది స్ట్రక్చర్స్‌లో ఒక బ్యాక్‌లాగ్ ఉండి, సప్లీలో పాసైంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయింది. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో రెండేళ్లు పనిచేసింది. ఇళ్ల పర్మిషన్ డ్రాయింగులు, మెట్ల డీటెయిల్స్, సైట్ విజిట్లు ఆమె పని. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి, రిటైర్మెంట్‌కి నాలుగేళ్లుంది. టౌన్‌లో సొంత ఇల్లు, ఊళ్లో కొంత పొలం ఉన్నాయి.

విదేశీ చదువుల దరఖాస్తులకు సలహా ఇచ్చే మా దగ్గరికి వచ్చేసరికి ఒక రౌండ్ అయిపోయింది. ఒక కన్సల్టెన్సీ ద్వారా ఎనిమిది స్కూళ్లకు అప్లై చేస్తే ఏడు రిజెక్ట్ చేశాయి. ఎనిమిదోది సీటిచ్చింది గానీ ఒక్క డాలర్ సాయం లేదు. కన్సల్టెన్సీ సలహా "మార్కులు తక్కువ, జీఆర్ఈ మళ్లీ రాయండి" అని. చాలా ఆర్కిటెక్చర్ స్కూళ్లు జీఆర్ఈ అడగడమే మానేశాయి. అందుకే ముందు ఆమె పంపిన ఫైళ్లన్నీ తెప్పించుకుని, ఏ స్కూల్లో ఏ ప్రోగ్రామ్‌కి వేసిందో చూశాం.

అసలు సమస్య ఎక్కడ

ఎనిమిదిలో ఐదు దరఖాస్తులు తప్పు తలుపు తట్టాయి. అమెరికాలో ఎం.ఆర్క్ అనే పేరు కింద కనీసం రెండు వేర్వేరు చదువులున్నాయి. మొదటిది ప్రొఫెషనల్ డిగ్రీ. దీనికి నాబ్ అనే అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు ఉంటుంది, లైసెన్సుకు చదువు అర్హతగా నేరుగా చెల్లుతుంది. ఆర్కిటెక్చర్ చదవని వాళ్లకు మూడు, మూడున్నరేళ్లు పడుతుంది. అక్కడ నాలుగేళ్ల ప్రీ-ప్రొఫెషనల్ డిగ్రీ చేసినవాళ్లకు అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ఇచ్చి రెండేళ్లకు కుదిస్తారు. రెండోది పోస్ట్-ప్రొఫెషనల్. అప్పటికే ప్రొఫెషనల్ డిగ్రీ ఉన్నవాళ్ల కోసం, ఏడాది నుంచి రెండేళ్లు. కొలంబియాలో ఎంఎస్ అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్ వేసవి, ఫాల్, స్ప్రింగ్ వరుసగా మూడు సెమిస్టర్లలో ముగుస్తుంది. ఎంఐటీలో ఎస్ఎంఆర్క్ఎస్ రెండేళ్లు. డిజైన్‌లో లోతుకు వెళ్లాలన్నా, ఒక విషయంలో పరిశోధన చేయాలన్నా ఇవి చాలా మంచివి. కానీ వీటికి నాబ్ గుర్తింపు ఉండదు.

మన ఐదేళ్ల బీ.ఆర్క్ ఇక్కడ ప్రొఫెషనల్ డిగ్రీయే. అక్కడ కొన్ని స్కూళ్లు దాన్ని అలాగే చూసి "మీరు పోస్ట్-ప్రొఫెషనల్‌కి రండి" అంటాయి. కొన్ని మాత్రం నాబ్ గుర్తింపు లేని విదేశీ డిగ్రీగా లెక్కేసి మొదటి రకంలోకి తీసుకుంటాయి. ఒక్కో స్కూలుది ఒక్కో రూలు, అదీ అర్హతల పేజీలో ఎక్కడో కింద రెండు వాక్యాల్లో ఉంటుంది. ఆమె తప్పుగా వేసిన ఆ ఐదూ మూడేళ్ల ప్రోగ్రామ్‌లు. వాటిలో మూడు స్కూళ్లు ప్రొఫెషనల్ డిగ్రీ ఉన్నవాళ్లను ఆ ట్రాక్‌లోకి తీసుకోబోమని రాసే పెట్టాయి.

స్కూళ్లు రిజెక్షన్‌కు కారణం చెప్పవు కాబట్టి మిగతాది మా అంచనా. పోర్ట్‌ఫోలియో (తన డిజైన్ పనులు చూపే ఫైలు) చూడగానే ఆ అంచనా బలపడింది. మొత్తం 44 పేజీలు. మొదటి 12 పేజీల్లో ఆఫీసులో చేసిన విల్లాల రెండర్లు (ఫొటోల్లా కనిపించే కంప్యూటర్ బొమ్మలు), సాయంత్రపు ఆకాశం, పోర్టికోలో కారు. ఏది తాను చేసింది, ఏది ఆఫీసు టీమ్ చేసింది అని ఎక్కడా లేదు. ఎలివేషన్లు చూసే క్లయింటుకు అవి నచ్చుతాయి. అడ్మిషన్ కమిటీలో కూర్చున్న ప్రొఫెసర్ ఆ పేజీల్లో వెతికేది వేరు: ఈ మనిషి ఒక సమస్యను ఎలా పట్టుకుంటుంది, దేన్ని వదులుకుని దేన్ని నిలుపుకుంటుంది.

మొదట చేసి చూసినవి, పనికిరానివి

జీఆర్ఈ సంగతి మొదటి వారంలోనే పక్కన పెట్టాం. లిస్టులో ఉన్న ఏ స్కూలూ అడగనప్పుడు దానికి మూడు నెలలు పెట్టడం వృథా.

తర్వాత పోర్ట్‌ఫోలియోని తగ్గించే ప్రయత్నం చేశాం. 44 పేజీలను 24కు కుదిస్తే ఇంకా బరువెక్కింది, ఎందుకంటే ఆమె దేన్నీ తీసేయలేక ఒక్కో పేజీలో ఎనిమిదేసి బొమ్మలు ఇరికించింది. అక్షరాలు ఆరు పాయింట్లకు దిగిపోయాయి. కమిటీ వాళ్లు ఈ ఫైలును స్క్రీన్ మీదే చూస్తారు, ఒక్కో దరఖాస్తుకు వాళ్లకు దొరికేది కొద్ది నిమిషాలే. ల్యాప్‌టాప్‌లో జూమ్ చేయకుండా చదవలేకపోతే ఆ పేజీ లేనట్టే లెక్క.

ఇంకో ప్రయత్నం స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. రెండుసార్లు తిరగరాసినా "చిన్నప్పటి నుంచి కట్టడాలంటే ఇష్టం" దగ్గరే మొదలయ్యేది. భాష బాగానే ఉంది. విషయం మాత్రం ఏ విద్యార్థి పేరు పెట్టినా సరిపోయేలా ఉంది. ఇంకా దిద్దుకుంటూ కూర్చోకుండా దాన్ని పక్కన పెట్టి, పోర్ట్‌ఫోలియో తేలాకే రాయమన్నాం. ఏ ప్రాజెక్టు ముందుకొస్తుందో తెలిస్తే ఏం రాయాలో దానంతటదే తెలుస్తుంది.

31వ పేజీలో దొరికింది

పాత పోర్ట్‌ఫోలియోలో 31వ పేజీ మూల ఒక చిన్న సెక్షన్ డ్రాయింగ్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) ఉంది, అరచేయంత. థీసిస్‌లోది, చేనేత కుటుంబాల ఇళ్లు. గుంట మగ్గం మీద నేసేవాళ్లు నేల అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కుతారు. వానాకాలంలో గుంటలోకి నీళ్లొస్తే పని ఆగిపోతుంది. ఆమె ఇంటి ప్లింత్‌ని, అంటే లోపలి నేల మట్టాన్ని, మూడు అడుగులకు లేపింది. గుంట లోతు రెండున్నర అడుగులు. దాంతో గుంట అడుగు కూడా బయటి నేలకంటే ఆరంగుళాలు పైనే ఉంటుంది. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది, తేమ తగ్గితే నూలు తెగుతుంది. అందుకని గుంట గోడలకు సిమెంటు పూత వేయకుండా ఇటుకను అలాగే వదిలింది. పడుగు మీద నీడ పడకుండా కిటికీని నేత మనిషి ఎడమకు జరిపింది. ఇవేవీ ఆ పేజీలో రాసి లేవు. "ఈ గీత ఎందుకిక్కడుంది?" అని ఒక్కోటీ అడిగితే చెప్పింది.

ఆ సెక్షన్‌ని రెండు పేజీల నిండా 1:20 స్కేలులో మళ్లీ గీయించాం. పోర్ట్‌ఫోలియో దానితోనే మొదలైంది. పక్కన నాలుగే వాక్యాలు: సమస్య, నిర్ణయం, దానివల్ల వచ్చిన కొత్త సమస్య, దానికి చేసింది. మొత్తం నాలుగు ప్రాజెక్టులు, 26 పేజీలు. ఆఫీసు పనిలోంచి ఒక్కటే ఉంచాం, రెండు వందల గజాల స్థలంలో మెట్లను మూడుసార్లు మార్చిన వైనం. ఆ పేజీలో తన వంతు ఏమిటో స్పష్టంగా రాసి, యజమాని అనుమతి తీసుకుంది. రెండర్లన్నీ తీసేశాం. ప్రతి స్కూలూ పేజీల సంఖ్యకు, ఫైల్ సైజుకు వేర్వేరు పరిమితులు పెడుతుంది కాబట్టి ముందే పెద్దది, చిన్నది రెండు వెర్షన్లు సిద్ధం చేసుకోవాలి. ఆఖరి రాత్రి పీడీఎఫ్‌ను బలవంతంగా కంప్రెస్ చేస్తే ముందు చెడిపోయేవి సన్నని గీతలే. సెక్షన్ డ్రాయింగ్‌లో ప్రాణమంతా ఆ గీతల్లోనే ఉంటుంది.

సిఫారసు లేఖల దగ్గర మన కాలేజీల్లో అందరికీ ఎదురయ్యేదే ఎదురైంది. హెచ్‌ఓడీ "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా" అన్నారు. మొదటి రౌండ్‌లో అలా ముగ్గురి లేఖలూ తనే రాసింది. మూడింటిదీ ఒకే గొంతు. ఈసారి థీసిస్ గైడ్‌కు ఒక పేజీ నోట్ ఇచ్చింది: ఏ రివ్యూలో ఆయన ఏమన్నారు, తర్వాత డ్రాయింగ్‌లో ఏం మారింది. ఆ నోట్ చూసి ఆయనే గుర్తు తెచ్చుకుని రాశారు. ఇంగ్లీషు సాదాసీదాగా ఉన్నా అందులో గుంట మగ్గం ఉంది, ప్లింత్ గురించి జరిగిన వాదన ఉంది. బ్యాక్‌లాగ్ సంగతి దాచకుండా స్టేట్‌మెంట్‌లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాం.

రెండో రౌండ్‌లో ఆరు స్కూళ్లు. విదేశీ బీ.ఆర్క్‌ను నాబ్ ప్రోగ్రామ్‌లోకి తీసుకుంటామని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా చెప్పినవి మూడు, పోస్ట్-ప్రొఫెషనల్ రెండు, బిల్డింగ్ పెర్ఫార్మెన్స్‌లో ఎంఎస్ ఒకటి. గడువులు డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్యలోపు. సీఎంఎం (అన్నేళ్ల మార్కులూ కలిపిన మెమో), ప్రొవిజనల్, సెమిస్టర్ల మెమోలతో పాటు ఐదేళ్ల సిలబస్ కాపీని యూనివర్సిటీ చేత అటెస్ట్ చేయించి పెట్టుకుంది. సిలబస్‌ను ఆ దశలో ఎవరూ అడగలేదు, తర్వాత అదే ఆదుకుంది. మార్చిలో మూడు అడ్మిట్లు వచ్చాయి.

మూడు ఉత్తరాలు

మొదటిది, 'అ' అందాం, దేశమంతా పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీ. పన్నెండు నెలల పోస్ట్-ప్రొఫెషనల్. స్కాలర్‌షిప్ పోను ఫీజు, బస, తిండి కలిపి 83 లక్షలు. 'ఆ' ఒక రాష్ట్ర యూనివర్సిటీ, నాబ్ గుర్తింపు ఉన్న ఎం.ఆర్క్. వారానికి పది గంటల అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే పార్ట్‌టైమ్ పని), దానితో ఫీజులో పెద్ద మాఫీ. ఉత్తరంలో ఐదు సెమిస్టర్లని ఉంది. 'ఇ' బిల్డింగ్ పెర్ఫార్మెన్స్‌లో ఎంఎస్, పదహారు నెలలు, 52 లక్షలు.

తండ్రిగారికి 'అ' అంటేనే మొగ్గు. "ఆ పేరు రెజ్యూమెలో ఉంటే జీవితాంతం పనికొస్తుంది కదండీ, అప్పుదేముంది, తీరుతుంది" అన్నారు. కొట్టిపారేయాల్సిన మాట కాదది. మంచి స్టూడియో, గొప్ప విజిటింగ్ క్రిటిక్స్, ఆ పరిచయాలు నిజంగానే విలువైనవి.

ఆమె మొదట ఒక ఎక్సెల్ షీట్ చేసింది. ర్యాంకు, ఊరు, ఫ్యాకల్టీ, ఖర్చు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ 'అ' గెలిచింది, ఎందుకంటే ఓడినప్పుడల్లా వెయిటేజీ మార్చింది. మనసులో ముందే తేల్చుకున్న జవాబును అంకెల్లో రాసుకోవడానికి తప్ప ఆ షీట్ దేనికీ పనికిరాలేదు. అందుకే మార్కులు వదిలేసి, అవునా కాదా అని తేలే ప్రశ్నలు వరుసగా పెట్టాం.

మొదటి ప్రశ్న: ఐదారేళ్ల తర్వాత ఎక్కడ, ఏ పని? ఆమె జవాబు స్పష్టంగానే ఉంది: అమెరికాలో లైసెన్స్ తెచ్చుకుని, చవక ఇళ్ల మీద పనిచేసే ఆఫీసులో చేరాలి. దీంతో 'ఇ' వెనక్కి వెళ్లింది. దానివల్ల ఉద్యోగం రావచ్చు గానీ లైసెన్స్‌కు కావాల్సిన చదువు అది కాదు. 'అ' కూడా లైసెన్స్‌కు నేరుగా పనికిరాదు. ఆమె బీ.ఆర్క్‌నే నాబ్ వారి ఈఈఎస్ఏ (విదేశీ డిగ్రీలను అంచనా వేసే సేవ) ద్వారా మూల్యాంకనం చేయించుకుని, తక్కువ పడిన సబ్జెక్టులు పూర్తి చేసి, ఎన్‌కార్బ్ (రాష్ట్రాల ఆర్కిటెక్ట్ లైసెన్సు బోర్డుల ఉమ్మడి సంస్థ) సర్టిఫికెట్ వైపు వెళ్లే దారి ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో నాబ్ డిగ్రీ లేకున్నా అదనపు అనుభవంతో లైసెన్స్‌కు దారి ఉంది. అయితే 83 లక్షలు పోసిన తర్వాత మళ్లీ విడి సబ్జెక్టులు కట్టుకోవడం, లేదా ఉద్యోగం ఏ రాష్ట్రంలో దొరికినా లైసెన్స్ కోసం ఆ కొద్ది రాష్ట్రాలకే పరిమితం కావడం ఆమెకు అవసరమా అన్నది ప్రశ్న.

రెండోది: ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద సీఐపీ కోడ్ (కోర్సు ఏ రంగానిదో చెప్పే సంఖ్య) ఎంత? దీన్ని విద్యార్థులు దాదాపుగా పట్టించుకోరు. 04.0201 అంటే ఆర్కిటెక్చర్, ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. 04.0902 అంటే ఆర్కిటెక్చరల్ అండ్ బిల్డింగ్ సైన్సెస్, ఇది ఉంది. ఒకే రకం స్టూడియోలు, ఒకే రకం డిగ్రీ, కోడ్ తేడాతో ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేయడానికి అనుమతి) 12 నెలలా, 36 నెలలా అన్నది మారిపోతుంది. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీకి ఒక్క అవకాశమా, మూడా అన్నది దాదాపు దీనిమీదే ఆధారపడుతుంది. 'ఆ' వెబ్‌సైట్‌లో కోడ్ లేదు. డిపార్ట్‌మెంట్‌ను కాకుండా ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీస్‌ను అడగమన్నాం, ఐ-20 ఇచ్చేది వాళ్లే. 04.0902 అని ఈమెయిల్ వచ్చింది. 'అ' కోడ్ కూడా అదే, కాబట్టి ఈ ప్రశ్నలో రెండూ సమానం.

కానీ పన్నెండు నెలల ప్రోగ్రామ్‌లో మధ్యలో వేసవి సెలవు లేదు. ఇంటర్న్‌షిప్‌కు చోటే లేదు. సాధారణంగా సీపీటీకి (చదువుతుండగా ఇంటర్న్‌షిప్ చేసే అనుమతికి) ముందు ఒక అకడమిక్ ఇయర్ పూర్తి కావాలి, ఇక్కడ అది అయ్యేలోపు కోర్సే అయిపోతుంది. కోర్సు అయ్యాక ఓపీటీ మొదలైతే 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపుకు ఆఫీసు ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి. చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసులు చాలావాటికి అది ఉండదు. అక్కడ ఒక్క పరిచయం కూడా లేకుండా ఉద్యోగ వేటలో దిగడానికీ, ఒక వేసవి పనిచేసిన ఆఫీసు తలుపు తట్టడానికీ చాలా తేడా ఉంది.

మూడోది అప్పు. కొత్తగా చేరినవాళ్ల జీతం ఏడాదికి 60 వేల డాలర్లని లెక్క కోసం పెట్టుకున్నాం. బంధువుల్లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేసినవాళ్ల జీతాలు చూసి ఆర్కిటెక్చర్ అప్పు లెక్కవేయకూడదని తండ్రిగారికి ముందే చెప్పాం. 83 లక్షలు, 10.5 శాతం, పదేళ్లు అంటే ఈఎంఐ లక్షా పన్నెండు వేలు, సుమారు 1,320 డాలర్లు. 'ఆ' నాలుగు సెమిస్టర్లలో అయిపోతే ఖర్చు 48 లక్షలు, ఈఎంఐ 65 వేలు, సుమారు 760 డాలర్లు. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ వీటిలో కలపలేదు. ఇంకోటి, టౌన్‌లోని ఇల్లు తనఖాకు బ్యాంకు ఇచ్చేది 60 లక్షల లోపే అని వాల్యుయేషన్‌లో తేలింది. పొలాన్ని బ్యాంకు తీసుకోలేదు. మిగతా 23 లక్షలు తనఖా లేకుండా ఎక్కువ వడ్డీకి తేవాలి, అదీ రిటైర్మెంట్ దగ్గరపడిన తండ్రి పేరు కో-అప్లికెంట్‌గా పెట్టి. ఈ కాగితం చూశాక ఆయన "అమ్మాయి మీద ఇంత బరువు పెట్టలేనండీ" అన్నారు.

నాలుగు సెమిస్టర్లు ఎలా అయ్యాయి

'ఆ' ఉత్తరంలో ఉన్నది ఐదు సెమిస్టర్లు. ఒక సెమిస్టర్ అంటే పది లక్షల పైమాటే. ఇక్కడ సిలబస్ కాపీ పనికొచ్చింది. స్ట్రక్చర్స్, ఎన్విరాన్‌మెంటల్ సిస్టమ్స్, హిస్టరీ సబ్జెక్టులకు మన సిలబస్‌లోని యూనిట్లను, వాళ్ల కోర్సు వివరణలను పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారు చేసి గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు పంపింది. ఈమెయిల్‌లో బతిమాలడం లేదు, "ప్లేస్‌మెంట్ పునఃపరిశీలనకు కోరుతున్నాను" అని మూడు వరుసలే. పది రోజుల తర్వాత నాలుగు సెమిస్టర్లకు మార్చారు, స్ట్రక్చర్స్‌లో ఒక్క సబ్జెక్టు మాత్రం మళ్లీ చేయాలన్నారు. బ్యాక్‌లాగ్ ఉన్న సబ్జెక్టే అది. సబబైన నిర్ణయమే, దానిమీద వాదించవద్దన్నాం.

ఈలోపు 'అ' డిపాజిట్ గడువు దగ్గరపడింది. ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్ల మీద ఏప్రిల్ 15 లోపు జవాబు కోసం ఒత్తిడి చేయబోమని అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఉమ్మడిగా ఒప్పుకున్నాయి, కానీ అన్నీ అందులో లేవు. డిపాజిట్ కట్టేస్తే తిరిగి రాదు. గడువు పొడిగించమని అడగడానికి ఆమె మొహమాటపడింది. అడిగితే వారం ఇచ్చారు, ఆ వారంలోనే 'ఆ' జవాబు వచ్చింది.

చేరేముందు 'ఆ'లో చదువుతున్న ఇద్దరు విదేశీ విద్యార్థులతో ఫోన్‌లో మాట్లాడింది. "కాలేజ్ ఎలా ఉంది" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. అందుకని ప్రశ్నలు రాసిచ్చాం: సెమిస్టర్‌కు ప్రింట్లకు, మోడల్ సామానుకు ఎంతవుతుంది, లేజర్ కట్టర్‌కు ఎంతసేపు క్యూ, గత వేసవిలో విదేశీయుల్లో ఎవరికి ఎక్కడ ఇంటర్న్‌షిప్ దొరికింది, అసిస్టెంట్‌షిప్ రెండో ఏడు కూడా ఉంటుందా. చివరిదానికి "గ్యారంటీ లేదు, గ్రేడ్లను బట్టి" అని జవాబు. దాంతో 48 లక్షల లెక్కను రెండో ఏడు మాఫీ లేకపోతే ఎంతవుతుందో కూడా వేసి చూశాం. 59 వచ్చింది. తనఖా పరిమితి లోపలే ఉంది కాబట్టి ముందుకెళ్లింది.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మార్చుకున్నవి

స్కూళ్ల లిస్టు అడిగే ముందు లైసెన్స్ ఎక్కడ కావాలని అడుగుతున్నాం. తిరిగొచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సొంత ప్రాక్టీస్ పెట్టాలనుకునేవాళ్లకు ఇదే లెక్క తిరగబడుతుంది. బీ.ఆర్క్‌తో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉంది, వాళ్లకు నాబ్ డిగ్రీతో పనిలేదు. పోస్ట్-ప్రొఫెషనల్ ఏడాదే ఎక్కువ మేలు, అప్పు రూపాయి సంపాదనతో తీరేంత ఉంటే. ఇక్కడ బీ.ఆర్క్ కాకుండా ఇంటీరియర్స్ లాంటిది చదివి విదేశీ ఎం.ఆర్క్‌తో తిరిగొచ్చి ఆర్కిటెక్ట్‌గా రిజిస్టర్ కావాలనుకునేవాళ్లు మాత్రం ఆ డిగ్రీని కౌన్సిల్ గుర్తిస్తుందా లేదా ఫీజు కట్టకముందే రాసి తెలుసుకోవాలి.

ఇంకొకటి ఇక్కడ పనిచేస్తుండగానే మొదలుపెట్టాల్సింది. అమెరికా లైసెన్స్‌కు కావాల్సిన ఏఎక్స్‌పీ (ఎన్‌కార్బ్ నడిపే అనుభవ కార్యక్రమం) అనుభవం 3,740 గంటలు. అందులో కనీసం 1,860 గంటలు అక్కడి లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్ కింద చేయాలి. మిగతా వాటిలో ఇక్కడి రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ కింద చేసిన పనిని కూడా చూపవచ్చు. కానీ ఎనిమిది నెలలు దాటిన పనికి సగం గంటలే ఇస్తారు, ఐదేళ్లు దాటితే అసలివ్వరు. ఆమె ఎన్‌కార్బ్ రికార్డు తెరిచేసరికి రెండేళ్ల పనిలో ఎక్కువ భాగం సగానికి పడిపోయింది. ఇప్పుడు మా దగ్గరికి వచ్చే ఉద్యోగస్తుల చేత మొదటి నెలలోనే ఆ రికార్డు తెరిపించి, యజమానితో గంటలు ధృవీకరింపజేస్తున్నాం.